దత్తాత్రి వకీలుకు ఘన సన్మానం

మహారాష్ట్రలోని మా భివండీ చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక నాయకుడు ఆడవాళ్ల కన్నీళ్లు చూసి తట్టుకోలేక ఫ్లెక్స్ వేయించారు. ఆయన మా కామత్‌ఘర్ పేట వాసి, పార్టీ నగర అధ్యక్షులు, మేం సాంచాలనే మరమగ్గాల కార్ఖానాల యజమాని, శ్రీ విశ్వేశ్వరరావు గారు. ఫ్లెక్స్ నలభై అడుగుల పొడుగు. అందులో ముప్పై అడుగులు విశ్వేశ్వరరావు గారే చేతులు జోడించి నిలబడ్డారు. మిగతా జాగాలో మంత్రిగారు, పార్టీ పెద్దలు, శుభాకాంక్షలు చెప్పే కార్యకర్తలు ఒకరి భుజం మీద ఒకరు సర్దుకున్నారు. అన్నిటికన్నా అడుగున, షేర్ ఆటోలు ఆగే చోట, మనిషి మోకాలి ఎత్తులో అసలు విషయం రాసి ఉంది: బాధిత మహిళలకు ఉచిత న్యాయ సహాయ నిధి. ఆటో కోసం కూర్చున్న వాళ్లకు చక్కగా కనబడుతుంది. నిలబడ్డ వాళ్లు వంగాలి.

మహిళలంటే ఆయనకున్న గౌరవం ఎంత చెప్పినా తక్కువ. నిధి కమిటీలో ఒక్క మహిళను కూడా వేయలేదు. వాళ్లు ఇప్పటికే బాధల్లో ఉన్నారు, మళ్లీ మీటింగుల బాధ కూడా ఎందుకని.

మొదటి మీటింగ్ ఆయన కార్ఖానా మీద ఉన్న ఏసీ కేబిన్‌లో జరిగింది. కింద సాంచాలు దడదడలాడుతుంటే పైన అద్దాల వెనక ఏమీ వినబడదు. విశ్వేశ్వరరావు గారు ప్రతి సభలోనూ తాను సాంచాల మధ్య పుట్టానని చెబుతారు. అక్షరాలా నిజం. సాంచాలు కింద ఉన్నాయి, ఆయన మీద పుట్టారు. మీటింగ్‌కు నన్ను కూడా పిలిచారు. నాలాంటి సంఘాల వాళ్లను లోపలికి పిలిచి టీ ఇవ్వకపోతే బయట నిలబడి అరుస్తామని ఆయనకు తెలుసు. దూరదృష్టి అంటే అది.

ముందుగా, నిధి గురించి వివరంగా వేయబోయే ఇంకో ఫ్లెక్స్ మీది మాటల గురించి చర్చ జరిగింది. మొదట రాసింది ‘గృహహింస, లైంగిక హింస బాధిత మహిళలకు’ అని. బట్టల వ్యాపారి కనుకయ్య లేచారు.

“సేట్, ఆ రెండో మాట తీసెయ్యుండ్రి. మా బిడ్డలు, కోడండ్లు గీ తొవ్వలనే పోతరు. చదివితే ఏమనుకుంటరు?”

“మరి ఏం రాయాలె?”

“ఇతర అని రాయుండ్రి. అన్నీ అండ్లనే వస్తయి.”

“ఇతర ఏంది? ఇతర తర్వాత ఏదో ఒకటి ఉండాలె గదా.”

కమిటీ చాలాసేపు ఆలోచించింది. చివరికి ‘గృహహింస, ఇతర అసౌకర్యాల బాధిత మహిళలకు’ అని ఖరారైంది. అప్పటికి నార్పోలిలో ఒక కార్ఖానాలో ఒక ఆడపిల్లకు జరిగిన దాన్ని పోలీసు స్టేషన్‌లో ఇంకా రాసుకోలేదు. ఏ మాట రాయాలో తెలియక కావచ్చు. ఇప్పుడు మాట దొరికింది.

తరువాత నిధి వకీలుగా దత్తాత్రి గారిని నియమించారు. దత్తాత్రి వకీలు విశ్వేశ్వరరావు గారి కార్ఖానాల కేసులు, కరెంటు కేసులు, పార్టీ కేసులు చూస్తారు. నిజాయితీపరుడు. ఏ కేసూ గెలుస్తానని ఎవరికీ మాట ఇవ్వరు. వాయిదా వేయించి ఇంకో తారీఖు తీసుకుంటానని మాత్రం ఇస్తారు. ఇచ్చిన మాట తప్పరు.

చప్పట్లు ఇంకా ఆగలేదు, కేబిన్ తలుపు తోసుకుని కాత్యాయని వచ్చింది.

కాత్యాయని పక్క పేట నాగావ్‌లో సాంచాలకు నూలు కండెలు చుట్టే మనిషి. ఆమె మొగుడు మహేంద్ర పార్టీ సభలకు మైకు, కుర్చీలు, పరదాలు చూసుకునే కార్యకర్త. పోయిన వానాకాలం ఆమె ఎడమ మణికట్టు విరిచి, బిడ్డను దగ్గర పెట్టుకుని, ఆమెను గదిలోంచి గెంటేశాడు. ఆస్పత్రి వాళ్లు మెట్ల మీద జారి పడిందని రాసుకున్నారు. వాళ్ల గది ఉన్న ఒంటి వరస చాల్‌కు మెట్లే లేవు. బిడ్డ సాయిప్రియ బాల్వాడీకి పోతుంది. కాత్యాయని రోజూ గేటు బయట నిలబడి, బిడ్డ లోపలికి పోయేదాకా చూసి, పనికి పోతుంది. బిడ్డతో మాట్లాడితే ఆ రోజు సాయంత్రం బిడ్డకు దెబ్బలు పడతాయని తెలిసినప్పటి నుంచి చూడటం ఒక్కటే చేస్తుంది.

“సేట్, వకీలును ఇస్తున్నరని ఫ్లెక్స్ మీద చూసిన. బిడ్డను నాకు ఇప్పియ్యమని కేసేసిన. మంగళారం తారీఖున్నది. నా దిక్కు మాట్లాడెటోల్లు లేరు.”

విశ్వేశ్వరరావు గారి ముఖం వెలిగిపోయింది. నిధి పుట్టి అరగంట కాలేదు, బాధితురాలు నడిచి వచ్చింది.

“నీ అసొంటోల్ల కోసమే గదమ్మా గిదంత! దత్తాత్రి సాబ్, రాసుకోండ్రి. పహిలా కేస్!”

కాత్యాయని దత్తాత్రి వైపు చూసింది.

“గీయననా?”

“గీయననే. భివండీల నంబర్ వన్.”

“గీయన మా ఆయన వకీలు సేట్.”

మామూలు మనిషి అయితే తడబడేవాడు. విశ్వేశ్వరరావు గారు తడబడలేదు.

“అరె, గింకేం మరి! నీ కేసంత సాబ్‌కు ముందుగాలనే ఎర్క. కొత్తోడైతే మొదటికెల్లి చదవాలె. ఎంత టైం ఖరాబ్!”

దత్తాత్రి గారు వినయంగా అందుకున్నారు. “రెండు దిక్కుల నేనే ఉంటే లొల్లి సుత తక్కువైతది.”

“లొల్లి తక్కువనే అయింది,” అంది కాత్యాయని. “ఒకపారి తనకు జ్వరమన్నడు, తారీఖు తీసుకున్నడు. ఒకపారి అత్తకు జ్వరమన్నడు, తారీఖు తీసుకున్నడు. పోయినపారి జడ్జి మేడమ్‌కు కోపమొచ్చింది. మంగళారం పదకొండు గంటలకు మీ దిక్కోల్లు రాకుంటే బిడ్డను తల్లికి ఇచ్చేస్త అన్నది. గీయన వస్తడు, మల్ల ఎవ్వలికో జ్వరమంటడు. అందుకే నాకు వేరే వకీలు గావాలె సేట్.”

“మంగళారమా?” విశ్వేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. “మంగళారమే మంత్రిగారు నిధి షురూ చెయ్య, ఉద్ఘాటన్‌కు వస్తున్నరు! చూసినవా, దేవుడే కలిపిండు. నువ్వు కోర్టుకు ఎందుకు పోవుడు? సీదా స్టేజ్ మీదికి రా. మంత్రిగారి చేతుల మీదికెల్లి నీకు వకీలును ఇస్తం.”

“వకీలును కోర్టుల గదా ఇయ్యాలె?”

“కోర్టుల ఫొటోలు తియ్యనియ్యరమ్మా.”

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి అంతా విన్న సుశీలాబాయి టీల ట్రే పట్టుకుని లోపలికి వచ్చారు. ఆమె విశ్వేశ్వరరావు గారి సతీమణి. పెళ్లికి ముందు ఆమె కూడా నాగావ్‌లో కండెలు చుట్టారు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె అందరికీ టీ ఇచ్చి, కాత్యాయని చేతిలో కప్పు పెడుతూ ఆ వంకర మణికట్టు వైపు ఒక్కసారి చూశారు.

“మీ స్టేజ్ మీకే ముబారక్ సేట్,” అంది కాత్యాయని. “నేను కోర్టుకే పోత.” టీ తాగకుండానే వెళ్లిపోయింది.

విశ్వేశ్వరరావు గారు నొచ్చుకున్నారు. “చూసిన్రా? న్యాయం చేస్తమని పిలుస్తే కోర్టుకు పోతనంటది. గీ ఆడోల్లకు మంచి చెయ్యుడు ఎట్ల?”

పెద్ద చిక్కు వచ్చిపడింది. మంత్రిగారు వస్తున్నారు, చెక్కు బోర్డు ప్రింటింగ్‌కు పోయింది, బాధితురాలు మాత్రం జారిపోయింది. ఊళ్లో బాధిత మహిళలకు కొరత లేదు. కానీ వాళ్ల మొగుళ్లలో సగం మంది పార్టీలో ఉన్నారు, మిగతా సగం చేరతామంటున్నారు. ఈ చిక్కు విప్పింది చట్టం. దత్తాత్రి గారు దాన్ని వివరించారు.

“సేట్, గీ అసొంటి కేసులల్ల ఆడమనిషి ఎవ్వలన్నది బయటపెట్టద్దు. మొఖం మీద కొంగు కప్పాలె.”

“మొఖం కనబడద్దా?”

“కనబడితే మనమీదికొస్తది.”

“అంటే లోపల ఎవ్వలున్నా నడుస్తది.”

కమిటీ ఒక్కసారిగా ఊపిరి తీసుకుంది. చట్టాన్ని ఇంత లోతుగా గౌరవించిన నాయకుణ్ని నేను చూడలేదు. లోపల ఎవరుండాలన్నది కూడా ఆయనే తేల్చారు. బయటి ఆడమనిషి అయితే రేపెప్పుడో నోరిప్పుతుంది. ఇంటి ఆడమనిషి ఇప్పదు.

“సుశీలా,” అని పిలిచారు. “మంగళారం నువ్వు స్టేజ్ మీద నిలబడాలె.”

“నిలబడి ఏం చెయ్యాలె?”

“ఏం చెయ్యద్దు. మొఖం కప్పుకోవాలె, ఇచ్చింది తీసుకోవాలె, మాట్లాడద్దు.”

“గంతేనా,” అన్నారు సుశీలాబాయి ఖాళీ కప్పులు ఏరుకుంటూ. “అది నాకు అలవాటే గదా.”

మంగళవారం వచ్చింది. కామత్‌ఘర్ మైదానంలో సభ. విశ్వేశ్వరరావు గారు తన కార్ఖానాల్లో సాంచాలు బంద్ చేయించి, పగటి షిఫ్టు వాళ్లందరినీ స్వచ్ఛందంగా తోలుకొచ్చారు. ముందు వరసల్లో కండెలు చుట్టే ఆడవాళ్లు, వెనక సాంచాలు నడిపే మగవాళ్లు. ఊరి అలవాటు ప్రకారం వేదిక మీద శాలువాలు గుట్టలుగా ఉన్నాయి. మా భివండీ తెలుగువాళ్లలో ఏ పనీ సన్మానం లేకుండా మొదలు కాదు, సన్మానం అయిపోయాక చాలామటుకు అది అక్కడే ఆగిపోతుంది.

దత్తాత్రి గారు నల్లకోటు వేసుకుని, గడియారం చూసుకుంటూ కూర్చున్నారు.

“సేట్, ఐదు నిమిషాలల్ల ఇడుసుండ్రి. పదకొండు గంటలకు అక్కడుండాలె. మహేంద్రను సుత తోలుండ్రి, పరదా ఎనుక మైకు కాడున్నడు.”

“పోదువులే. బయట కారున్నది.”

“ఈపారి ఎవ్వలికి జ్వరమందాం?” అన్నారు దత్తాత్రి గారు తనలో తాను, ఒక కళాకారుడిలా.

మంత్రిగారు వచ్చారు. విశ్వేశ్వరరావు గారు స్వయంగా దత్తాత్రి గారి కోటు మీద అడ్డంగా ఒక గులాబీరంగు సాటిన్ పట్టీ వేసి, జారకుండా ముందూ వెనకా పిన్నులు గుచ్చారు. పట్టీ మీద మరాఠీలో, తెలుగులో, బంగారు రంగులో ‘పీడిత మహిళల వకీలు’ అని ఉంది. చప్పట్లు. శాలువా. మళ్లీ చప్పట్లు. తరువాత ముఖం నిండా కొంగు కప్పుకున్న బాధితురాలిని తీసుకొచ్చి నిలబెట్టారు. తలుపంత చెక్కు బోర్డును ఒక చివర మంత్రిగారు, ఒక చివర ఆమె పట్టుకున్నారు. ఫొటోలు తీశారు. పని అయిపోయింది. దత్తాత్రి గారు లేవబోయారు.

అప్పుడు మంత్రిగారు కార్యక్రమంలో లేని పని చేశారు. చలించిపోయారు.

కొట్టింది ఎవరో చెప్పమంటూ మైకు తీసుకుని కొంగు దగ్గర పెట్టారు. “బోల్ బేటీ. డర్ మత్. కిస్‌నే మారా తుఝే?”

ఆ గొంతు వినబడితే, పండగలకు విశ్వేశ్వరరావు గారి ఇంట్లో భోంచేసి పోయే సగం మైదానం గుర్తుపడుతుంది. ఆయన పరదా వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపారు. పరదా వెనక మహేంద్ర వైరు పీకాడు. మైకు చచ్చిపోయింది.

“మైక్ ఖరాబ్ సార్,” అన్నారు విశ్వేశ్వరరావు గారు మంత్రిగారి చెవిలో. “ఆమె గొంతు సుత గట్లనే. షాక్‌ల మాట పడిపోయింది.”

ఇక్కడ పాఠకులకు మా ఊరి గురించి ఒక ముక్క చెప్పాలి. నడిచే సాంచాల మధ్య మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినబడదు. అందుకని మా వాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందనడానికి ఒక సైగ, టీ వచ్చిందనడానికి ఒకటి, పని చేయించే ముకాదం వస్తున్నాడనడానికి ఒకటి. పెళ్లి సంబంధాలు, తిట్లు, సినిమా కథలు అన్నీ చేతుల మీదే నడుస్తాయి. మైకు తీసేసి వీళ్ల నోరు మూయించవచ్చని అనుకునేవాడు అద్దాల వెనక పెరిగినవాడే అయి ఉండాలి.

సుశీలాబాయి చెక్కు బోర్డును మంత్రిగారికే వదిలేసి, రెండు చేతులూ ఎత్తారు.

కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని మెలితిప్పారు. నాగావ్ ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది, కాత్యాయని సంగతి. రెండు వేళ్లు గొంతు దగ్గర పెట్టి కిందికి దువ్వారు, వకీళ్ల తెల్లపట్టీ లాగా. తరువాత అరచేయి బోర్లించి గట్టిగా కిందికి నొక్కారు. సాంచా ఆపు, కదలనీయకు అనే సైగ అది. చివరికి శాలువా కప్పినట్టు చేతిని మెడ చుట్టూ తిప్పారు. ఒకసారి కాదు. తిప్పుతూనే ఉన్నారు.

“క్యా బోల్ రహీ హై?” అన్నారు మంత్రిగారు.

“మీకు దండం పెడుతున్నది సార్. మా తెలంగాణ పద్ధతి.”

మంత్రిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

తరువాత ముందు వరసలోంచి చంద్రవ్వ లేచింది. కాత్యాయనిని మొగుడు గెంటేసిన రోజు నుంచి తన గదిలో పెట్టుకున్నది ఈ చంద్రవ్వే. భుజం మీది తువ్వాలు దులిపి, మడత పెట్టి, వేదిక ఎక్కింది.

“మా నాగావ్ ఆడోల్ల తరఫున వకీలు సాబ్‌కు సన్మానం.”

“అవ్వా, చాలు, చాలు,” అన్నారు దత్తాత్రి గారు, “నేను కోర్టుకు పోవాలె.”

“గింత మందికంటె కోర్టు ఎక్కువనా కొడుకా నీకు? వంగు. అందుతలేదు, వంగు.”

వంగారు. తువ్వాలు పడింది. తల ఎత్తేసరికి చంద్రవ్వ వెనక వేదిక మెట్ల దాకా, మెట్ల కింద నుంచి మైదానం చివరి దాకా వరస కట్టి ఉంది. శాలువాలు ఎక్కడివి అని అడగకండి. మాది బట్ట నేసే ఊరు. తువ్వాళ్లు, కండువాలు, పంచెలు, దిండు గలీబులు, ఎవరి భుజం మీదున్నది వాళ్లు తెచ్చారు. భుజం మీద ఏమీ లేనివాళ్లు పక్క కార్ఖానాలోకి ఉరికి కోరా గుడ్డ చింపుకొచ్చారు.

“సేట్,” అని దత్తాత్రి గారు గొంతు దాటిన బట్టల్లోంచి పిలిచారు, “సేట్, టైం!”

విశ్వేశ్వరరావు గారికీ కొంచెం అనుమానం వచ్చినట్టే కనబడ్డారు. కానీ మంత్రిగారు అప్పటికే ఆయన భుజం పట్టుకుని ఉన్నారు.

“విశ్వేశ్వర్, యే ప్యార్ దేఖ్! ఇంత జనాదరణ ఉన్న వకీలును నేను చూడలేదు. చివరి చెల్లెలు సన్మానం చేసేదాకా నేను కదలను. ఒక్కొక్కరితో ఫొటో తీయించు.”

వచ్చే ఏడు కార్పొరేషన్ టికెట్లు ఇచ్చేది ఆ నోరే. విశ్వేశ్వరరావు గారు పరదా వెనక్కి కేకేశారు. “మహేంద్రా! మైకు బాగ చెయ్! ఒక్కొక్కలి పేరు పిలువు. అయిపోయేదాక అక్కడికెల్లి జరిగినవంటే కాళ్లు ఇరుగుతయి!”

మైకు వెంటనే బాగైంది. మహేంద్ర పేర్లు పిలిచాడు. ఇంటిపేరుతో, ఊరిపేరుతో, మొగుడి పేరుతో పిలవమని ఆడవాళ్లు పట్టుబట్టారు. ఒకామె తన పేరు తప్పుగా పిలిచారని కిందికి దిగిపోయి మళ్లీ వరసలో నిలబడింది. ఇంకొకామె ఫొటోలో కళ్లు మూసుకున్నానని మళ్లీ తీయించుకుంది. పదకొండు అయింది. పన్నెండు కావచ్చింది. వేదిక మీద దత్తాత్రి గారి కళ్లజోడు, దాని పైన కొంచెం జుట్టు మిగిలాయి.

ఆ బట్టల లోతుల్లో ఎక్కడో ఫోన్ మోగింది. చాలాసేపు వెతికి తీశారు. కోర్టులో ఉన్న జూనియర్.

“సాబ్, దోన్ వేళా పుకారా హో గయా, రెండుపార్లు పిలిచిన్రు! మేడమ్ ఆర్డర్ రాయిస్తోంది!”

దత్తాత్రి గారు తువ్వాళ్లతో సహా దూకారు. పరదా వెనక నుంచి మహేంద్ర కూడా వైర్లు వదిలేసి ఉరికాడు. విలేకరులు వెంటపడ్డారు. “రావు సాబ్, వకీలు ఎక్కడికి పరుగెత్తుతున్నారు?”

నాయకుడు ఎప్పుడూ జవాబు కోసం వెతుక్కోడు. “కోర్టుకు! బాధితురాలి కోసం! ఒక్క నిమిషం సుత ఆగుతలేడు, చూడుండ్రి!” అని ఆయన కూడా కారెక్కారు. కెమెరాలు వెనక బయలుదేరాయి. నేనూ, చంద్రవ్వా, ఇంకో నలుగురమూ ఒక షేర్ ఆటోలో ఇరుక్కున్నాం.

మేం పోయేసరికి కోర్టు హాలు గుమ్మంలో విలేకరులు కెమెరాలు దించుకుని నిలబడ్డారు. లోపల జడ్జి మేడమ్ ముందు కాత్యాయని ఒక్కతే నిలబడి ఉంది. ఆమె పక్కన వకీలు లేడు. ఎదురుగా కూడా లేడు.

“ఇప్పటికి మూడుసార్లు గడువు ఇచ్చాం,” అంటున్నారు మేడమ్ టైపిస్టుకు. “ఈ రోజు గడువు అడగడానికి కూడా ఎవరూ రాలేదు. బిడ్డను సాయంత్రంలోగా తల్లికి అప్పగించాలి. అతను ఆమె ఉంటున్న చోటికి గానీ, పని చేసే చోటికి గానీ పోకూడదు.”

కారు తలుపులో తువ్వాళ్లు చిక్కుకుని వెనకబడ్డ దత్తాత్రి గారు అప్పుడు లోపలికి దొర్లుకొచ్చారు. మెడలో పది పన్నెండు తువ్వాళ్లు ఇంకా వేలాడుతున్నాయి. కోటు మీద సాటిన్ పట్టీ పిన్నులకు గట్టిగా పట్టుకుని మెరుస్తోంది. వెనకే మహేంద్ర.

“మేడమ్, మేడమ్, ఒక్క మాట…”

జడ్జి మేడమ్ కలం ఆపి, పట్టీని ఈ చివర నుంచి ఆ చివరకు చదివారు.

“వకీల్ సాహెబ్, మీరు ఇంతకుముందు భర్త తరఫున వచ్చేవారు. మీ ఒంటి మీద ఇప్పుడు వేరే రాసి ఉంది. నేను ఏది రాసుకోవాలి?”

“సాబ్, నా తరఫున అనుండ్రి,” అని మహేంద్ర వెనక నుంచి గుసగుసలాడాడు. “జ్వరమనుండ్రి!”

దత్తాత్రి గారు పట్టీ పీకబోయారు. పిన్ను గుచ్చుకుంది. గుమ్మం వైపు చూశారు. విలేకరులు కలాలు తీసి ఉన్నారు. వాళ్ల పక్కన విశ్వేశ్వరరావు గారు వద్దు, వద్దు అని తల అడ్డంగా ఊపుతున్నారు.

“చెప్పండి. ఎవరి తరఫున?”

“మేడమ్…” దత్తాత్రి గారు చెమట తుడుచుకోవడానికి ఒక తువ్వాలు ఎంచుకున్నారు. “నాకు జరంత జ్వరంగ ఉన్నది మేడమ్.”

“అయితే ఇంటికి పోయి పడుకోండి. ఆర్డర్ అయిపోయింది.”

సాయంత్రం దీపాల వేళకు సాయిప్రియ చంద్రవ్వ గదిలో, ఆమె ఒడిలో కూర్చుని ఉంది. కాత్యాయని బిడ్డ అరికాళ్లు, వీపు, చెవుల వెనక అన్నీ తడిమి చూసుకుంటోంది. ఎక్కడెక్కడ ఏమున్నాయో చూసింది.

మర్నాడు కామత్‌ఘర్‌లో కొత్త ఫ్లెక్స్ లేచింది: ‘న్యాయ సహాయ నిధి తొలి విజయం! ఒక్కరోజులో తల్లీబిడ్డల కలయిక!’ ముప్పై అడుగులు మళ్లీ విశ్వేశ్వరరావు గారే. ఈసారి చేతులు జోడించలేదు. ఆశీర్వదిస్తున్నారు.

పది పదిహేను రోజులకు కాత్యాయని మళ్లీ ఆ ఏసీ కేబిన్‌కు పోయింది. తోడు రమ్మంటే నేనూ పోయాను. మహేంద్ర జిల్లా పట్నం ఠాణాలోని పెద్ద కోర్టులో అపీలు వేశాడు. ఇరవై మూడో తారీఖు పడింది. అపీలు వేసింది దత్తాత్రి వకీలు.

“సేట్, ఇప్పుడన్న నాకో వకీలును ఇప్పియ్యుండ్రి. ఠాణా కోర్టుల ఇంగ్లీషుల మాట్లాడుతరట.”

విశ్వేశ్వరరావు గారు జాలిగా నవ్వారు. “ఎట్లిస్తనమ్మా? నిధి బాధితులకు గదా. నువ్వు గెలిచినవు. నువ్విప్పుడు బాధితురాలివి ఎట్లయితవు?”

“అపీలేసిండు సేట్. బిడ్డను మల్ల గుంజుకపోతడట.”

“గుంజుకపోయినంక రా. అప్పుడు చూస్తం. రూల్ రూలే.” ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “గది ఇడిసిపెట్టు. నీకో ఖుష్ ఖబర్ చెప్పాలె. మంత్రిగారు మస్తు ఖుష్ అయిన్రు. ఈపారి ఇంకా పెద్దగ విజయోత్సవ సభ పెట్టుమన్నరు. నీకూ సన్మానమే.”

కింద సాంచాలు నడుస్తున్నట్టు నేల వణుకుతోంది. అద్దాల్లోంచి చప్పుడు రావడం లేదు. సుశీలాబాయి టీ తెచ్చి ఆమె పక్కనే నిలబడ్డారు.

“సభకు దత్తాత్రి వకీలు వస్తడా సేట్?”

“రాకుండ ఎట్లుంటడు? ముఖ్య అతిథి ఆయననే. పాపం, మెడ పట్టేసి పండుకున్నడు గని, అప్పటికి నయమైతది.”

“మహేంద్ర?”

“మైకు ఇంకెవ్వలు చూస్తరు?”

“మంత్రిగారు పొద్దుగాల్నే వస్తరా?”

“మనం ఎప్పుడంటే అప్పుడు. నువ్వే చెప్పమ్మా, నీ విజయం గదా. ఏ రోజు పెట్టమంటవు?”

“ఇరవై మూడు పెట్టుండ్రి సేట్,” అంది కాత్యాయని. “పదిగంటలకే షురూ చెయ్యుండ్రి. నాకు ఆనాడు ఠాణాల పనున్నది, నేను రాలేను. మొఖం మీద కొంగు కప్పి ఎవ్వలనన్న నిలబెట్టుకోండ్రి.”

“నేనుంట గదా,” అన్నారు సుశీలాబాయి.